వెంకన్న వేసిన రన్‌వే

1948 డిసెంబరు. అప్పటికి నేను ఒక ఫ్లయింగ్ క్లబ్బులో ఇన్‌స్ట్రక్టరుగా, అంటే విమానం నడపడం నేర్పే పనిలో, చేరి రెండేళ్లయింది. క్రిస్మస్ సెలవుల్లో జనాన్ని సరదాగా విమానం ఎక్కించి తిప్పమని క్లబ్బువారు నన్నూ, మెకానిక్ జోసెఫ్‌నూ బాపులపాడు అవతలికి పంపారు. యుద్ధకాలంలో కంకరతో వేసి, తర్వాత వదిలేసిన రన్‌వే ఒకటి అక్కడ ఉండేది. మాది టైగర్ మాత్ అనే చిన్న విమానం. ఒకదాని మీద ఒకటిగా రెక్కలు, పైకప్పు లేని రెండు సీట్లు. ముందు ప్రయాణికుడు, వెనక నేను.

చిన్న విమానానికి డిసెంబరును మించిన నెల లేదు. చల్లగాలి బరువుగా ఉండి రెక్కలను బాగా ఎత్తుతుంది. ఎండ ముదరక ముందైతే ఒక్క కుదుపు కూడా ఉండదు. పొద్దున్నే లేచి నూజివీడు వైపు తిరిగితే, మామిడితోటలు మంచులోంచి తలలు మాత్రమే బయటపెట్టి కనిపించేవి. తొలిపూత వేసిన చెట్లు పసుపు చల్లినట్టుండేవి. క్రైస్తవుల పేటలో వెదురుగడలకు కాగితం నక్షత్రాలు కట్టి పిల్లలు చేతులూపేవారు. నేను రెక్కలు అటూ ఇటూ వంచి జవాబిచ్చేవాణ్ణి. ఎన్నిసార్లు ఎగిరినా, మొహానికి ఆ గాలి కొట్టగానే నాకు తెలియకుండానే నవ్వొచ్చేది.

పండుగ ముందురోజు ఉదయం నూజివీడు వర్తకుల కుటుంబాలు వరుసలో నిలబడి ఉండగా, ఒకామె భర్త చెయ్యి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమె పేరు మంగమ్మ, అతని పేరు వెంకన్న. ఆమె ముసునూరు తోటల్లో కూలిపని చేస్తుంది.

"బాబుగారూ, మా ఆయన్ని ఓసారి ఎక్కించండి."

అతని కళ్లు చూశాను. "చూపు లేనట్టుందే?"

"లేదండి. ఈ విమానాల రోడ్డుకే కంకర కొడుతుంటే రాతిపలుకు తగిలి ఓ కన్ను పోయింది. రెండోది తర్వాత మసకేసి అదీ పోయింది. ఇద్దరం రెండేళ్లు ఇక్కడే చేశామండి. పైనుంచి ఇది ఎలా ఉంటదో అని ఇప్పటికీ అడుగుతాడు. నేనేం చెప్పనండి?"

"కళ్లు లేనివాడికి విమానమెందుకు?" అన్నారు వరుసలో ఎవరో. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. పైగా భయం. ముందు సీట్లో కాళ్ల దగ్గర రడ్డర్ పెడల్స్ ఉంటాయి. విమానం ముక్కును పక్కకు తిప్పేవి అవే. కంగారులో వాటిని తొక్కేస్తే ఇద్దరి ప్రాణాలకూ ముప్పు.

నా తటపటాయింపు వెంకన్నకు అర్థమైనట్టుంది. "కాళ్లెక్కడ పెట్టకూడదో ఓసారి చూపించండి బాబూ. పెట్టను," అన్నాడు.

జోసెఫ్ అతని చేత పెడల్స్ తడిమించి, పాదాలను వెనక్కి జరిపించి, బెల్టు బిగించాడు. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి ఇంజను స్టార్టు చేశాడు.

ఇద్దరి చెవులకూ రబ్బరు గొట్టంతో మాటలు వినిపించే ఏర్పాటు ఉండేది. చక్రాల గరగర ఆగగానే అందులోంచి అతని గొంతు వినిపించింది.

"లేచామాండీ?"

"లేచాం."

చిన్నపిల్లాడిలా నవ్వి రెండు చేతులూ గాలిలోకి చాచాడు. వేళ్ల మధ్యనుంచి గాలిని పోనిస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాడు. పాదాలు మాత్రం కదపలేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మా రోడ్డు అవుపిస్తోందా బాబూ?"

"కనిపిస్తోంది."

"తిన్నగా ఉందాండీ?"

విమానాన్ని వంచి చూశాను. అన్నిసార్లు దిగినా దాన్ని నేనెప్పుడూ అలా చూడలేదు. "గీత గీసినట్టుంది వెంకన్నా. ఎక్కడా వంకర లేదు."

"వంకర రాకుండా తాడు పట్టింది మా మంగేనండి," అన్నాడు.

దిగాక విమానం పరుగు తీస్తుంటే ఒకచోట చిన్నగా దడుక్కుమంది. రెండ్రోజులుగా దిగినప్పుడల్లా వస్తున్న ఆ కుదుపు నా ల్యాండింగులోని లోపమే అనుకుంటున్నాను. ఇంజను ఆపగానే వెంకన్న వెనక్కి తిరిగాడు.

"బాబూ, ఇందాక అదిరినచోట పాతబావి ఉండేదండి. మేమే పూడ్చాం. మన్ను కుంగుతున్నట్టుంది. నన్నక్కడికి తీసుకెళ్లండి."

మంగమ్మ అడుగులు లెక్కపెడుతూ తీసుకెళ్లింది. అతను కర్రతో నేలను కొట్టి, చెవిపెట్టి విని, "ఇక్కడ," అన్నాడు. జోసెఫ్ గడ్డపార దింపితే పిడికిలి దాకా ఆగకుండా దిగిపోయింది. ఆ కార్తీకంలో కురిసిన తుఫాను వానలకు లోపలి మన్ను జారిపోయి, పైన కంకర పెచ్చు మాత్రమే మిగిలింది. ఆ పెచ్చు మీదుగా రెండ్రోజులు పసిపిల్లలను ఎక్కించుకుని తిరిగాను.

వరుసలోవాళ్లు పక్కకు తప్పుకుని వెంకన్నకు దారిచ్చారు. ఒక సెట్టిగారు తను కూర్చున్న కుర్చీ తెచ్చి అతనికి వేశారు. బావి చుట్టూ గుర్తుగా సున్నం పోసి, రన్‌వేలో ఆ సగాన్ని మూసేశాం. తేలికైన విమానం, చలిగాలి. మిగతా సగం మాకు సరిపోయింది.

క్రిస్మస్ రోజు మొదట మంగమ్మను ఎక్కించాను. దిగాక ఆమె రెక్క నీడలో భర్త పక్కన చతికిలబడి, చూసిందంతా చెప్పుకొచ్చింది. "నూజివీడు అవతల పేద్ద చెరువు మావా, పళ్లెంలా మెరుస్తోంది," అంటే, "చెరువు కాదే, విస్సన్నపేట రోడ్డు పక్క మడుగు. చెరువు దాని ఎడంపక్క," అని అతను సరిదిద్దాడు. ఆమె ఒప్పుకోలేదు. ఇద్దరూ దెబ్బలాడుకుంటుంటే జోసెఫ్ కేకు ముక్కలు తెచ్చి చేతుల్లో పెట్టాడు.

ఆ తర్వాత ఎన్నో కొత్త మైదానాల్లో దిగాను. మ్యాపులు చూసేవాణ్ణి, గాలి చూసేవాణ్ణి. అంతటితో ఊరుకోకుండా, "ఈ నేలకు మన్ను మోసినవాళ్లు ఎవరైనా దగ్గర్లో ఉన్నారా?" అని కూడా అడిగేవాణ్ణి. ఉంటే, వాళ్లతో కలిసి ఆ నేలంతా ఓసారి నడిచాకే విమానం ఎక్కేవాణ్ణి.