కథలాపూర్ కల్వర్టు దగ్గర పందొమ్మిది సార్లు

బస్సు నడిపే కంప్యూటర్ ఆటను తయారుచేసిన కంపెనీ ఒకటి ఈమధ్య ఆడేవాళ్లను ఒక మాట అడిగింది. బయటివాళ్లు చేసిన మోడ్లను సర్దుకునే ఏర్పాటు ఆటలోనే పెట్టమంటారా, ఇప్పుడున్నట్టే వదిలేయమంటారా అని. నేను జవాబు రాశాను. మూడు వారాలుగా అది నా ఫోన్లోనే ఉంది. పంపబోతాను, ఆగుతాను, ఒక వాక్యం కొట్టేస్తాను, మళ్లీ అదే రాస్తాను. ఆ సంగతి చెప్పాలంటే మా బావ సంగతి చెప్పాలి.

మా అక్క వాళ్లది జగిత్యాల. బావ ఇరవై రెండేళ్లు బస్సు నడిపాడు. ఎక్కువగా జగిత్యాల నుంచి కోరుట్ల, కథలాపూర్ మీదుగా సిరిసిల్ల దాకా. ఒక్క యాక్సిడెంట్ లేదు. పోయిన ఏడాది కంటికి ఆపరేషన్ అయ్యాక ఆయన్ని స్టీరింగ్ మీది నుంచి దించి, డిపోలో టికెట్ మిషన్లు ఇచ్చే కౌంటర్లో కూర్చోబెట్టారు. ఆరు నెలలకు డాక్టర్ మళ్లీ చూసి సరే అంటే బస్సు ఇస్తామన్నారు. ఆ ఆరు నెలలూ ఆయన కాలు కుర్చీ కింద క్లచ్ తొక్కుతూనే ఉండేదని అక్క చెప్పేది.

అందుకే ఒక పాత కంప్యూటరూ, బల్లకు బిగించే ప్లాస్టిక్ స్టీరింగూ కొని తీసుకెళ్లాను. ఆట ఎక్కించాను. ఏదో దేశపు రోడ్లు, ఏదో దేశపు బస్సులు. బావ పావుగంట నడిపి ఆపేశాడు.

"ఏం రోడ్డు బామ్మర్ది ఇది? ఒక్క బర్రె అడ్డమస్తలేదు. నిద్రవడ్తది."

అప్పుడు మోడ్లు వెతికాను. కంపెనీ ఇచ్చిన ఆటకు అభిమానులు సొంతంగా చేసి అతికించే ముక్కలే మోడ్లు. సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర పనిచేసే ఒకాయన మన రోడ్డునే, జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా, మలుపు మలుపూ గీసి పెట్టాడు. ఇంకెవరో బస్సు రంగు, ఇంకెవరో హారన్, వాన, ఆటోలు, బర్రెలు. మొత్తం పద్నాలుగు ఫైళ్లు దించాను. కంపెనీ వాటి కోసం ఒక ఫోల్డర్ వదిలింది, అంతే. ఏది ముందు, ఏది వెనుక, ఏది దేనితో పడదు అన్నదంతా మన తిప్పలే.

బావ రోజూ నడిపాడు. తెర మీద ఒక మూల 'ప్రమాదాలు' అని ఉండి, దాని పక్కన సున్నా కనిపించేది. నేను పోయినప్పుడల్లా వేలు పెట్టి చూపించేవాడు. "చూడు, ఒక్క గీత వడ్డదా? డాక్టర్ కాడికి దీని ఫోటో తీస్క పోత. గింత కంటె సాక్ష్యం ఏం గావాలె?"

ఇక నా తప్పు. నేను బడిలో చదివింది పదో తరగతి దాకానే. మిగిలిందంతా కోరుట్ల గ్రంథాలయంలో చదివాను. ఇప్పటికీ మధ్యాహ్నం నా జిరాక్స్ షాపు షట్టర్ సగం దించి అక్కడికే పోతాను. ప్రపంచంలోని ఏ విషయానికైనా ఒక నంబరు ఉంటుందనీ, ఆ నంబరు తెలిస్తే చీకట్లో కూడా పుస్తకం తీయవచ్చనీ నాకు నేర్పింది ఆ బీరువాలే. బావ చెకప్‌కు ఇంకా వారం ఉందనగా ఆ ఫోల్డర్ తెరిచాను. పిచ్చి పేర్లు. ఒకదానికి ముందు మూడు సున్నాలు, ఒకదానికి చివర 'లాస్ట్', ఇంకోదానికి 'ఫైనల్ కొత్తది రెండు'. నాకు చేయి ఆగలేదు. గ్రంథాలయం పద్ధతిలో అన్నిటికీ పేర్లు మార్చాను. రోడ్లకు, బస్సులకు ఆరువందల నంబర్లు. బర్రెలకు జంతుశాస్త్రం. హారన్ యంత్రమా, సంగీతమా అని చాలాసేపు ఆలోచించి సంగీతంలో పెట్టాను. చాలా సంతోషంగా ఇంటికి వచ్చాను.

తెల్లారి బావ ఫోన్. "బామ్మర్ది, ఏం జేసినవురా? నా ఆట తెరుస్తలేదు."

ఆట ఆ ఫైళ్లను పేర్ల వరస ప్రకారమే చదువుతుందట. ఆ సున్నాలూ 'లాస్ట్'లూ వరస కోసం పెట్టినవే. బావ అప్పటిదాకా నడిపి సేవ్ చేసి దాచుకున్న ఆట పాత పేర్ల కోసం వెతికి, దొరకక, తెరుచుకోవడం మానేసింది. పాత పేర్లు నాకు గుర్తులేవు. సోమవారం డాక్టర్.

ఆ మూడు రోజులు షాపులో ఒక్క చోట కూర్చోలేకపోయాను. ఒకాయన ఆధార్ కార్డు రెండువైపులా ముందు వైపే కొట్టి ఇచ్చాను. గ్రంథాలయంలో ఒకే పేజీని మధ్యాహ్నమంతా చదివాను. శనివారం జగిత్యాల పోయి, బావ దాచుకున్న ఆటతో సహా మొత్తం ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొని, ఆదివారం పొద్దున్నే సిరిసిల్ల బస్సెక్కాను. రోడ్డు మోడ్ చేసినాయన ఫోన్లో ఇల్లు చెప్పాడు.

ఆయన వైపని కార్మికుడు. మగ్గం మీద పోగులు చుట్టిన పాత బీము అయిపోవస్తుంటే, కొత్త బీము పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా అతికేవాళ్లను అక్కడ వైపని వాళ్లంటారు. పక్క షెడ్డులో మగ్గాలు మోగుతుంటే గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"పేర్లన్ని నువ్వే మార్చినవా అన్నా?"

"నేనే. ఒక పద్ధతిల ఉంటయని."

"పాత పేర్లు రాసి పెట్టుకున్నవా?"

"లేదు."

"పాత పోగు కొస చేతుల వట్టుకోకుంట మేము కొత్తది ముట్టమే. సదువుకున్నోనివి, మొత్తం కోసి కుప్పవోసినవ్ గదనే!"

రిజిస్టరులో ఎక్కించకుండా గ్రంథాలయంలో ఏ పుస్తకానికీ నంబరు వేయరని నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. పెన్‌డ్రైవ్ తీసి ఆయన చేతిలో పెట్టాను.

బావ దాచుకున్న ఆట ఫైలును ఆయన మామూలు అక్షరాల్లో తెరిచాడు. పైనే పద్నాలుగు పేర్లూ వరసగా ఉన్నాయి. "ఇగో, ఆట రాసుకున్నది. మనకు సూపియ్యది, గంతే." అరగంటలో పాత పేర్లన్నీ పెట్టేశాడు. ఆట తెరుచుకుంది. సున్నా కనబడింది. నా ఒళ్లు తేలికైంది.

ఆయన ఇంకా కిందికి చూస్తున్నాడు. "మస్తు దాసినవి ఉన్నయన్నా. బస్సు దేన్కన్న తాకినప్పుడల్ల ఆట దానంతటదే ఒకటి దాసిపెడ్తది. మీ బావ దాన్ని ఇడిసిపెట్టి, తాకకముందు దాన్కి వోయి మళ్ల మొదలువెడ్తున్నడు. సున్నా ఎందుకు ఉండది మరి!" అని నవ్వి, లెక్కపెట్టాడు. పందొమ్మిది. అన్నీ కథలాపూర్ దాటాక వచ్చే కల్వర్టు దగ్గరే. అన్నింటిలోనూ దెబ్బ ఎడమ వైపే.

"తప్పు నాదేమో. ఎడమ దిక్కు గోడ రోడ్డు మీదికి జరిపిన్నేమో." తన మ్యాపు తెరిచి కొలిచాడు. గోడ ఉండాల్సిన చోటే ఉంది. తనే బస్సు నడిపి చూశాడు. మొదటిసారే గీత పడకుండా దాటింది. మగ్గాల మోతలో వినబడీ వినబడనంత నెమ్మదిగా అన్నాడు: "గోడ మంచిగనే ఉందన్నా."

తిరుగు బస్సులో సీటు రెండుసార్లు మారాను. కథలాపూర్ రాకముందే లేచి డ్రైవర్ వెనుక నిలబడ్డాను. కల్వర్టు వచ్చింది. ఆయన ఎడమ అద్దంలోకి ఓ చూపు వేసి దాటించేశాడు. వెనుక సీట్లలో ఎల్లంతకుంట నుంచి ఏదో పెళ్లికి పోతున్నవాళ్లు పాటలు పెట్టుకున్నారు. బావకు బస్సు ఇస్తే ఎక్కేది ఇలాంటివాళ్లే.

నా జవాబు తెగక ఆగింది అక్కడే. అన్నీ తెలిసిన ఆట, ఆ పేర్లూ వరసా నా ముందు పెట్టి ఉంటే నేను చెడగొట్టేవాణ్నే కాదు. కంపెనీ ఆ ఏర్పాటు చేసి తీరాలి. అలా చేసి ఉంటే మాత్రం ఒక బటన్ నొక్కి ఇంట్లోనే సరిచేసుకునేవాణ్ని. ఆ ఫోల్డర్ లోపల ఏముందో ఎవరూ చూసేవారు కాదు. సోమవారం బావ సున్నా ఫోటో పట్టుకొని పోయేవాడు.

జగిత్యాలలో దిగి నేరుగా వాళ్లింటికి పోయాను. సరిచేసిన ఫోల్డర్ ఎక్కించాను. తెర మీద సున్నా రాగానే ఫోటో తీయడానికి బావ ఫోన్ ఎత్తాడు. అక్క చాయ్ తెస్తోంది.

"బావా," అన్నాను. "కథలాపూర్ కల్వర్టు కాడివి గూడ ఉన్నయి అండ్ల."

ఫోన్ ఎత్తిన చేయి అలాగే ఉంది. "గవి గూడ దాస్తదా అది?"

"దాస్తది."

"గేమోళ్లకు తెలివి లేదు. తుడిసే బటన్ ఒకటి పెట్టద్దా?" నవ్వాడు. నేను నవ్వలేదు. అక్క చాయ్ బల్ల మీద పెట్టి మా ఇద్దరి మొహాలూ చూసింది.

"ఏంది? ఏం తుడుసుడు?"

చాయ్ మీద మీగడ కట్టింది. బావ ఫోటో తీశాడో లేదో నేను చూడలేదు. చెప్పులేసుకుంటుంటే వెనుక నుంచి అన్నాడు: "రేపు నువ్వు గూడ రా బామ్మర్ది."

సోమవారం కంటి ఆసుపత్రి వరండాలో నేను కూర్చున్నది తక్కువ, తిరిగింది ఎక్కువ. పెన్‌డ్రైవ్ జేబులోనే ఉంది. దాన్ని తీసి డాక్టర్ ముందు పెట్టాలా? పెడితే అక్క ఇంట్లో మళ్లీ చాయ్ తాగగలనా? పెట్టకపోతే ఆ రోడ్డు మీద బస్సెక్కగలనా? బావ పేరు పిలిచారు. ఆయన లేచాడు. నేనూ లేచాను. తలుపు దగ్గర చేయి అడ్డం పెట్టి నన్ను ఆపి, తనొక్కడే లోపలికి పోయాడు. తలుపు పూర్తిగా పడలేదు.

గోడ మీది అక్షరాలు చదవమని డాక్టర్ చెప్పడం వినబడింది. తర్వాత బావ గొంతు వినబడింది.

"సదువుత సార్. గని ముందుగాల ఎడమ దిక్కు సూడుండ్రి. ఎడమ దిక్కు గోడ నాకు తాకినంకనే కనవడ్తంది."