నొప్పి తగ్గిన మధ్యాహ్నం

మొన్న తాండూరు బస్టాండు ఎదురుగా కొత్త ఫ్లెక్సీ చూశాను. ఎలాంటి కడుపునొప్పికైనా ఒక్క సూది చాలునట. పక్కన మా గల్లీ సూది డాక్టర్ ఫోటో. కోటు కొత్తది, నవ్వు పాతదే. నా బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడి పళ్లు కొరుకుతున్నాను.

ఆరేళ్ల కిందట అక్కకు బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి, తెల్లారేసరికి కుడివైపు కిందికి దిగింది. పైగా వాంతులు. నొప్పి ఆడపిల్లది కనుక ఇంట్లో ప్రతివాళ్లూ డాక్టర్లే. "ఆడపిల్లలకు గిది మామూలే," అంది నానమ్మ. నాన్న గ్యాస్ అని తేల్చి సోడా తెప్పించాడు. సూది డాక్టర్ వచ్చి, కడుపు మీద చెయ్యి కూడా వేయకుండా సూది పొడిచి పోయాడు. మధ్యాహ్నమైనా తగ్గలేదు. అమ్మ ఒక్కతే పట్టుబట్టి, వికారాబాద్ పోదామని ఎదురింటి ఆటో చాచాను పిలిచింది. ఆటో వాకిట్లోకి వచ్చేసరికి నొప్పి ఉన్నట్టుండి పోయింది. అక్క లేచి కూర్చుని చాయ్ అడిగింది. సూది మహిమ మీద నాన్న ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"ఆటోను చూసి నొప్పి భయపడ్డది చాచా. డ్రామా ఖతం. ఇగ నువ్వు పో," అన్నాను. అందరూ నవ్వారు. అక్క కూడా.

చాచా నవ్వలేదు. "జర ఒక్కపారి చూపిచ్చుకొని వస్తే ఏం పోతది బేటా?" అన్నాడు. పంపించేశాను.

సాయంత్రానికి అక్క ఒళ్లు కాలిపోయింది, కడుపు బండలా బిగుసుకుపోయింది. మళ్లీ అదే ఆటో. ధారూర్ దాటేదాకా ప్రతి గుంతకూ అక్క నా చెయ్యి కొరికింది. వికారాబాద్‌లో సర్జన్ ఆమె కుడిపక్క మెల్లగా నొక్కి, చటుక్కున చెయ్యి తీశాడు. నొక్కినప్పటికంటే తీసినప్పుడే గట్టిగా అరిచింది.

"నడుమల ఎప్పుడన్న నొప్పి తగ్గిందా?" అని నన్నడిగాడు.

"తగ్గింది సార్, మధ్యాహ్నం."

"గప్పుడే అపెండిక్స్ పగిలింది. గప్పుడు మీరేం చేసిండ్రు?"

"చాయ్ తాగినం సార్."

కడుపు కోసి, పగిలిన ముక్క తీసి, చీము కడిగి, పక్కనుంచి గొట్టం పెట్టారు. మూడు రోజులదాకా, అక్క బతుకుతుందని ఎవరూ మాటివ్వలేదు. ఐదో రోజు సూది డాక్టర్ బత్తాయిలతో వచ్చి, "నా సూదితోనే గింతదాక ఆగింది," అన్నాడు. నాన్న ఆయనకు కుర్చీ వేశాడు. నాకు ఆ కుర్చీ మీద కూడా ఇప్పటికీ కోపమే.

ఫ్లెక్సీ చించుదామని చెయ్యెత్తి, దించేశాను. ఆ మధ్యాహ్నం ఆటోను వెనక్కి పంపింది సూది డాక్టర్ కాదు. అక్క నా జోకులకు ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వేముందు మాత్రం కుడిపక్క చెయ్యి అదిమిపెట్టుకుంటుంది. కుట్లు విప్పి ఆరేళ్లయిందని ఆ చేతికి ఇంకా ఎవరూ చెప్పలేదు.