నూజివీడు తోటల్లో మిగిలిపోయిన ఒక్క ఇల్లు

నిజం చెప్పేస్తున్నాను, నేను నూజివీడు బయల్దేరింది రసాల కోసం. బెజవాడ బజార్లో మందు వేసి మగ్గబెట్టిన పళ్ళు తిని తిని నోరు చచ్చిపోయింది. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే నా స్నేహితురాలు గ్రేసు ఫోన్ చేసి, "చెట్టున పండిన చిన్న రసాలు పెట్టిస్తాను, రా. కాకపోతే మా ఆడవాళ్ళు చేస్తున్న పరిశోధన కూడా చూడాలి" అంది. పరిశోధన అన్న మాట వింటే నాకు సెమినార్ హాల్లో తీసిన కునుకులే గుర్తొస్తాయి. అయినా రసాలంటే రసాలే కదా, సంచి సర్దుకున్నాను.

బెజవాడ బస్టాండు నుంచి ఆగిరిపల్లి మీదుగా నూజివీడుకి పొద్దుట్నుంచీ బస్సులుంటాయి. గంటన్నర ప్రయాణం, టిక్కెట్టు వంద లోపే. ఎండాకాలమైతే మొదటి బస్సే ఎక్కండి, పొద్దెక్కాక కిటికీ పక్కన కూర్చోవడమూ పెనం మీద కూర్చోవడమూ ఒకటే. నూజివీడులో దిగి ఇడ్లీ తిని, మైలవరం వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. దారి పొడుగునా రెండు పక్కలా తోటలే. కాయల బరువుకి కొమ్మలు నేలకి ఆనుతున్నాయి, అక్కడక్కడా వాటికి కర్రలు పోటు పెట్టారు. ఊరి పేరు ఇక్కడ రాయను. రాయొద్దని అక్కడి ఆడవాళ్ళే అడిగారు.

"ఏ పేటకండీ? పాలేనికా, కొత్తపేటకా?" అన్నాడు డ్రైవరు.

"రెండు పేటలకీ వెళ్ళాలి."

"ఓర్నాయనో! రెండిటికీ అంటే కుదరదండి. ఆటో అడ్డరోడ్డు దగ్గరే ఆగుద్ది, ఇటోళ్ళు ఇటు, అటోళ్ళు అటు. గొడవైన కాడ్నించీ అంతే. అంతకుముందు ఆడోళ్ళంతా ఒకే ఆటోలో ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూచుని తోటకి పోయేవోళ్ళు. ఆ కబుర్లకి నా చెవులు గింగుర్లెత్తిపొయ్యేయనుకోండి."

అడ్డరోడ్డు దగ్గర గ్రేసు గొడుగేసుకుని నిలబడి ఉంది. తోటలోకి నడుస్తూ సంగతంతా చెప్పింది. ఎలక్షన్లప్పుడు జెండా దగ్గర మొదలైన మాటామాటా తోట దారి దాకా వచ్చి, కర్రలూ కత్తులూ లేచాయట. గడ్డివాములు తగలబడ్డాయి. కొత్తపేట రమణమ్మ కొడుకు శ్రీనుకి కుడి మోచేతి మీద వేటు పడింది, ఆ చెయ్యి ఇక లేవలేదు. పాలెం మగవాళ్ళ మీద కేసులు పడ్డాయి, ఇంకా నడుస్తున్నాయి. ఊళ్ళో ఇప్పుడు పోలీసులు లేరు, కొట్లాటల్లేవు. కానీ ఒకే ముఠాగా పనిచేసిన ఆడకూలీలు రెండు ముఠాలయ్యారు. ఎదురుపడకుండా ఉండాలని ఒక ముఠా చుట్టుదారిన తోటకి నడిచి వస్తోంది.

చెట్ల కింద ఆడవాళ్ళు కాయలకి సొన దిగేలా బోర్లించి, వరిగడ్డి పరిచి పెట్టెల్లో సర్దుతున్నారు. పాలెం మార్తమ్మ నాకు ఒక రసం చేతిలో పెట్టి, "ముందు మెత్తగా పిసకండి, తర్వాత తొడిమ దగ్గర కొరకండి. లేకపోతే రసమంతా చీర మీదే" అంది. విన్నట్టే తలూపాను. రసమంతా చీర మీదే పడింది. ఆవిడ నవ్వు చూసి, ఇంత సరదా మనిషికి ఏ దిగులూ ఉండదనుకున్నాను.

పరిశోధన సంగతి కొత్తపేట దుర్గ చెప్పింది. పేటకి నలుగురు చొప్పున ఆడవాళ్ళు కలిశారు. గొడవ వల్ల ఆడవాళ్ళు ఏం పోగొట్టుకున్నారో ఇంటింటికీ వెళ్ళి తెలుసుకుంటున్నారు. మొదట్లో పట్నం నుంచి తెచ్చిన ప్రశ్నలు అడిగారట. 'మీకు భద్రంగా అనిపిస్తోందా?' అంటే ప్రతి గడపలోనూ ఒకటే జవాబు, 'బాగానే ఉన్నామండి' అని.

"ఎవరు మాత్రం ఏం చెప్తారండీ? మాకే నవ్వొచ్చింది. అప్పుడు మార్తమ్మత్త అందీ, కూర సంగతి అడుగుదామే అని."

తోటలో మధ్యాహ్నం క్యారేజీలు విప్పితే ఎవరి కూర వాళ్ళు తినరు. సగం పక్కావిడ గిన్నెలో వేసి, ఆవిడ కూర వీళ్ళు వేసుకోవాలి. ఏళ్ళ తరబడి ఎవరి జత వాళ్ళకుంటుంది. అందుకే రెండే ప్రశ్నలు పెట్టుకున్నారు. గొడవకి ముందు నీ కూర ఎవరికి పెట్టేదానివి? ఇప్పుడెవరికి పెడుతున్నావు? అంతే, గడపగడపలోనూ ఆడవాళ్ళు గంటల తరబడి మాట్లాడారు, ఏడ్చారు, తిట్టుకున్నారు. కట్టుబాట్లు కూడా రెండే. ఎవరూ తమ పేటలో అడగకూడదు, అవతలి పేటకే వెళ్ళాలి. జవాబు తమకి తెలిసినా సరే, ఆ ఇంటావిడ నోటితో చెప్పిందే రాయాలి.

సోమవారం పంచాయతీలో మీటింగు. తోటల మధ్య రెండు పేటలకీ కలిపి ఒక షెడ్డు, మరుగుదొడ్డి, కోతల కాలంలో అందరికీ ఒకటే బండి కావాలని ఆడవాళ్ళు అడగబోతున్నారు. 'ఒక్క ఇల్లు చెప్పకపోయినా అది ఊరందరి మాట కాదు' అని పెద్దలు ముందే మెలిక పెట్టారు. మిగిలింది ఒక్క ఇల్లే, రమణమ్మది. కొత్తపేటలో ఆ వరస ఇళ్ళు మార్తమ్మ వంతుకి వచ్చాయి. శ్రీను చెయ్యి పోయిన కేసులో మార్తమ్మ భర్త ముద్దాయి.

ఆ మాట విన్నాక చేతిలో ఉన్న రెండో రసం పక్కన పెట్టేశాను. ఇంకెవరినైనా పంపొచ్చు కదా అన్నాను గ్రేసుతో. "నేనూ అదే అన్నాను. తనే వద్దంది" అంది గ్రేసు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వెళ్ళాం. రమణమ్మ అరుగు మీద కూర్చుని, రాలిన కాయలు ఒరుగులకి తరుగుతోంది. జవాబులు రాయడానికి దుర్గ వెళ్ళి ఆవిడ పక్కన కాగితాలు పట్టుకుని కూర్చుంది. నేనూ గ్రేసూ చూరు కింద ఆగిపోయాం. మార్తమ్మని ఎవరూ కూర్చోమనలేదు.

"అడగడానికొచ్చావా, నా కొడుకుని చూడ్డానికొచ్చావా?" అంది రమణమ్మ, తలెత్తకుండా.

"అడగడానికే అక్కా."

"అడుగు మరి."

మార్తమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, "గొడవకి ముందు తోటలో నీ కూర ఎవరికి పెట్టేదానివక్కా?" అంది.

కత్తి ఆగింది. "నీకు తెలీదా ఏంటే?"

"తెలుసక్కా. నేను చెప్తే చెల్లదు. నువ్వే చెప్పాలి."

రమణమ్మ కత్తి పక్కన పెట్టింది. లోపల్నుంచి శ్రీను దగ్గాడు.

"నీకే పెట్టేదాన్ని. నీ రొయ్యపొట్టు మామిడికాయ కూర కోసం నా క్యారేజీ ముందే విప్పేదాన్ని. రాసుకో."

"ఇప్పుడెవరికి పెడుతున్నావు?"

"ఎవరికీ పెట్టను. ఆడికి ముద్దలు కలిపి నోట్లో పెట్టొస్తా పొద్దున్నే. ఇంక తోటలో నా గొంతులోకి ముద్ద దిగదు. అదీ రాసుకో. సోమవారం మీటింగులో చదువు. ఆ టీచరమ్మగారు కాదు, నువ్వే చదవాల. మీ ఆయన ఎదురుగా చదవాల."

"చదువుతానక్కా" అంది మార్తమ్మ. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవాలనిపించలేదు.

అడ్డరోడ్డు దాకా మార్తమ్మ నాతో నడిచింది. "మీ ఆయన ఊరుకుంటాడా?" అని అడిగాను. "ఎందుకూరుకుంటాడండీ? ఇల్లు పీకి పందిరేస్తాడు. అయినా మాటిచ్చాను కదండీ" అంది.

సోమవారం రాత్రి గ్రేసు ఫోన్ చేసింది. మార్తమ్మ నిలబడి చదివిందట. ముద్ద దిగదన్న మాట దగ్గర ఆమె భర్త లేచి బయటికి వెళ్ళిపోయాడు. మార్తమ్మ మాత్రం ఆగలేదు. షెడ్డు గురించి చూద్దామన్నారు పెద్దలు, అంతకంటే ఏమీ అనలేదు. రమణమ్మ మార్తమ్మతో ఒక్క మాటైనా మాట్లాడలేదు, కానీ ఆఖరి దాకా కూర్చుంది. గొడవ సద్దుమణగడమంటే పోలీసులు వెళ్ళిపోవడమే అనుకునేదాన్ని. ఆ ఆడవాళ్ళకి అక్కడే పని మొదలవుతోంది, ఆ పని వాళ్ళు ఎవరూ చెప్పకుండానే నెత్తినేసుకున్నారు. వాళ్ళు చల్లగా ఉండాలి.

అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. రసాలకైతే మే నెలలో వెళ్ళండి, తిరుగు ఆటోలు పొద్దుగూకేలోపే ఆగిపోతాయి కాబట్టి డ్రైవరు ఫోన్ నంబరు తీసుకోండి. గొడవ సంగతి మీరుగా ఎత్తకండి. వాళ్ళే చెప్పడం మొదలుపెడితే మాత్రం, ఆటోకి టైమైపోతోందని మధ్యలో లేచి రాకండి.