ఛత్రినాకలో ఒక సరంగు

మొన్న పొద్దున పాలు పోయడానికి వెళ్తే పక్కింటి అక్క గిన్నె తేలేదు. "ఇవాళ పాలొద్దు తమ్ముడూ. నాన్న పోయారు," అంది. నిద్రలోనే పోయారట. క్యాను పట్టుకుని ఆ గడపలో అలాగే నిలబడిపోయాను. ఆయన మాకు చుట్టం కాదు. కాకినాడ వైపు చేపల బోటు నడిపిన సరంగు. కూతురికి ఇక్కడ ఉద్యోగం రావడంతో ఆమె వెంట ఛత్రినాకకు వచ్చారు. మా గల్లీ మొత్తానికి ఆయన సరంగు తాత.

చాలా ఏళ్లు బోటు మీదే బతికారట. తుఫాను కబురు రాగానే బోట్లన్నీ రేవులో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మూడు నాలుగు రోజులు పడి ఉండేవట. ఇల్లు కూతవేటు దూరంలో ఉన్నా ఎవరూ వెళ్లరు, బోటును కనిపెట్టుకుని ఉండాలి. తడిసిన పొయ్యి, ఆరని బట్టలు, నెత్తిన కారే చుక్కలు. "యాష్టకు రాదా తాతా?" అని అడిగితే, "రాకేం? విసుక్కుంటూనే ఉండాలి. ఆగడం కూడా డ్యూటీయేరా," అనేవారు.

ఆ అలవాటు ఇక్కడికీ తెచ్చుకున్నారు. వానాకాలం రాగానే ఆయన గదిలో కట్టని వస్తువు ఉండేది కాదు. రేడియో కిటికీ ఊచకు, గొడుగు మంచం కోడుకు, కళ్లద్దాలు మెడకు. మా బాపు ఆటపట్టించేవాడు. "ఈడ సముద్రం యాడుంది సరంగు సాబ్? గింత ఫికర్ ఎందుకు?" తాత నవ్వకుండా, "వానుందిగా," అనేవారు. మేం మాత్రం బాగానే నవ్వేవాళ్లం.

ఒక ఏడు వాన మూడు రోజులు ఆగలేదు. పై అంతస్తు గదిలో అందరం ఒకే చోట ముడుచుకుని, అదే పప్పు తింటూ, అదే ఆకాశం చూస్తూ గడిపాం. పోట్లాడుకునే ఓపిక కూడా పోయింది. మూడో రోజు మధ్యాహ్నం నాలా పొంగి కింద మా బర్రెల కొట్టంలోకి నీళ్లొచ్చాయి. ఉరుములకు బర్రెలు బెదిరి పారిపోకుండా మేం ఎప్పుడూ చేసే పనే చేశాం. తలలు గుంజకు ఆనేలా తాళ్లు బిగించి రెండేసి ముడులు వేశాం. మా ఇంట్లో ముత్తాతల నుంచి అదే పద్ధతి. మా బతుకంతా ఆ ఐదు బర్రెలూ, ఒక దూడ.

నడుం లోతు నీళ్లలో గోడ పట్టుకుంటూ తాత వచ్చారు. "ఇంత పొట్టిగా కట్టారేంట్రా? నీళ్లు లేస్తున్నాయి. వాటి తలలు లేవొద్దూ?"

"ఇడిసిపెడితే కొట్టుకపోతయి," అన్నాడు బాపు. "మీరు లొల్లి జేయకుండ్రి, పైకి పోండ్రి."

తాత కదల్లేదు. మెల్లగా అన్నారు: "నేనూ భయపడే బిగించి కట్టాను. నీళ్లు లేచాయి, బోటు లేవలేదు. లోపల మా తమ్ముడు పడుకుని ఉన్నాడు."

అన్నేళ్లలో ఆ తమ్ముడి ఊసు ఆయన నోట ఎప్పుడూ రాలేదు. బాపు వంగి ముడి విప్పబోయాడు. తడిసిన ముడులు ఊడకపోతే కొడవలితో కోసి, పొడుగు తాళ్లు కట్టాం. కాసేపటికే గుంజలు మునిగాయి. బర్రెలు కాళ్లాడిస్తూ నీళ్లతో పాటు లేచాయి. ఒక్కటి కూడా పోలేదు. ఈ రోజు మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే అది ఆయన చలవే. బతికుండగా ఈ మాట ఆయనతో అనలేదు, అదే నా బాధ.

దూడకే చాతకాలేదు. చిన్నది, త్వరగా అలసిపోయింది. తాత గడ్డి తొట్టి మీదికెక్కి, రొమ్ము దాకా నీళ్లలో నిలబడి, దాని గడ్డం తన భుజం మీద పెట్టుకున్నారు. "పైకి రా తాతా, నేను పట్టుకుంట," అని రెండుసార్లు పిలిచాను. వినిపించుకోలేదు. పొద్దుగూకి నీళ్లు తగ్గేదాకా ఆయన అలాగే ఉన్నారు. దాని కళ్లు మూతలు పడుతున్నప్పుడల్లా చెంప మీద తడుతూ, చెవిలో ఒకటే మాట చెబుతూ ఉన్నారు.

"పడుకోకురా నాయనా. కాసేపేరా, పడుకోకు."