నా షుగరుకేం తక్కువ?

మా పెదనాన్న బస్సు డ్రైవరు. మా నాన్న అదే బస్సులో కండక్టరు. అక్కాచెల్లెళ్లను చేసుకుని తోడల్లుళ్లయ్యారు సరే, ఒకే డిపోలో ఒకే బస్సు మీద ఎలా పడ్డారో ఆ దేవుడికే తెలియాలి. చూసినవాళ్లు ఎంత అదృష్టమో అనేవాళ్లు. ఆ అదృష్టమేమిటో రెండిళ్ల ఆడవాళ్లకీ బాగా తెలుసు.

పెదనాన్నకి మా నాన్నంటే కుళ్లు. ఇంకో మర్యాదైన మాట వెతకొచ్చు గానీ అది అబద్ధమవుతుంది. తను పొద్దస్తమానం సీటుకి అతుక్కుపోయి కూర్చోవాలి. మా నాన్నేమో బస్సంతా తిరుగుతూ, ముసలమ్మల్ని పలకరిస్తూ, నవ్వుతూ నవ్విస్తూ టికెట్లు కొడతాడు. ప్రయాణికుల్ని చూసుకోమని పైన బిగించిన అద్దంలో పెదనాన్న చూసేది మా నాన్ననే. దిగేవాళ్లు కండక్టరుకి వెళ్లొస్తామని చెప్తారు గానీ డ్రైవరు వీపుకి ఎవరు చెప్తారు? ప్రాణాలు మోసేది నేను, దండాలు వాడికి అని పెద్దమ్మ దగ్గర రోజూ అదే పాట.

మేం ఫ్రిజ్ కొంటే నెల తిరక్కుండా వాళ్లింటికి అంతకంటే పెద్దది వచ్చింది. వంటింటి గుమ్మంలో పట్టక ముందుగదిలోనే నిలబెట్టారు. వచ్చినవాళ్లు దానికి వీపు ఆనించి కూర్చోవలసిందే. మా నాన్న మీసం తీసేస్తే ఆయనా తీసేశాడు. అది నప్పలేదని పెద్దమ్మ నవ్వితే, మళ్లీ మొలిచేదాకా మా నాన్నతో మాట్లాడలేదు. తప్పు మా నాన్నదే మరి.

షుగరు కూడా ఇద్దరికీ ఒకే ఏడాది బయటపడింది. పోన్లే, ఇందులోనైనా సమానం అనుకున్నాం. అబ్బే. మా నాన్న వేళకి మాత్రలు మింగి, చివరి స్టాపులో బస్సు ఆగినప్పుడల్లా నాలుగడుగులు నడిచి, దాన్ని అదుపులో పెట్టుకున్నాడు. పెదనాన్న గేరు పక్కనే బిస్కెట్ల పొట్లం పెట్టుకున్నాడు. చిలక్కి చెప్పినట్టు చెప్పినా వినలేదు. మా నాన్నకి షుగర్ తగ్గిందని తెలిసిన రోజు ఈయనకి పెరిగేది.

అలా ఉండగా డిపోలో వైద్య పరీక్షలు పెట్టారు. మా నాన్నకి రక్తం తక్కువగా ఉందని తేలింది. డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. షుగర్ ఉన్నవాళ్లకి పెద్దపేగు కాన్సర్ వచ్చే అవకాశం లేనివాళ్ల కంటే కొంత ఎక్కువట. ఒళ్లు పెరగడం, కదలకుండా కూర్చోవడం, ఈ రెండు జబ్బులకీ ఇవే దారులు. దానికి తోడు ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతుంటే పేగు లోపల పనికిమాలిన కండ పెరగడానికి ఊతమవుతుందని కూడా అనుకుంటున్నారట. వచ్చిందని కాదు, షుగరుంది, వయసు యాభై దాటింది, రక్తం తగ్గింది కాబట్టి కెమెరా గొట్టంతో పేగు లోపల ఒకసారి చూపించుకోమంది.

కాన్సర్ అనే మాట వినగానే అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసేసింది. చుట్టాలు పళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. పెద్దమ్మ ఏకంగా మా ఇంట్లోనే మకాం పెట్టింది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన పెదనాన్న గుమ్మంలో నిలబడి ఆ జనాన్నీ, ఆ పళ్లనీ, దిండుకి చేరగిలబడి అందరికీ ధైర్యం చెప్తున్న మా నాన్ననీ చూశాడు. కళ్లల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది.

"ఏం, నా షుగరుకేం తక్కువ? వాడికి చేసే పరీక్ష నాకెందుకు చెయ్యరు?" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. చావు భయంలో కూడా వాటా అడిగే మనిషిని ఏమనాలి?

అప్పటికి మాకెవరికీ తెలియని సంగతి ఒకటుంది. కొన్ని నెలలుగా దొడ్డికి వెళ్లినప్పుడు ఆయనకి రక్తం పడుతోంది. ఆ బస్సుల్లో ఇంజిను డ్రైవరు పక్కనే ఉంటుంది. దాని మూత మీద ఎన్ని గోనెలు కప్పినా సెగ తొడకి తగులుతూనే ఉంటుంది. అందుకని డిపోలో డ్రైవర్లందరిదీ ఒకటే మాట. రక్తం పడితే ఇంజిను వేడి, మొలలు, అంతే. నీళ్లు బాగా తాగి సీటు మీద మెత్త వేసుకోమని పాతవాళ్లు కొత్తవాళ్లకి చెప్తారు. మెత్త కొన్నవాడెవడూ డాక్టరు దాకా వెళ్లడు. పెదనాన్న కూడా మెత్త కొన్నాడు. డిపో పరీక్షల్లో అడిగితే ఏమీ లేదన్నాడు. తన ఒళ్లు బాగాలేదని ఆసుపత్రి మెట్లెక్కే రకం కాదాయన. మా నాన్న ఎక్కుతున్నాడు కాబట్టి ఎక్కాడు.

వయసూ షుగరూ చూసి, మీరూ చేయించుకుంటే మంచిదేనంది డాక్టరమ్మ. ఆయన ప్రమోషన్ వచ్చినవాడిలా ఇంటికొచ్చాడు.

పేగు శుభ్రమవడానికి ముందురోజు జగ్గుల కొద్దీ మందునీళ్లు తాగాలి. మా నాన్న ముక్కు మూసుకుని తాగి, గదికీ బాత్‌రూముకీ మధ్య తిరుగుతున్నాడు. పెదనాన్న ఫోన్ మీద ఫోన్. వాడెంత తాగాడు, ఎన్నిసార్లు వెళ్లాడు అని. లెక్క రాసుకోవడానికి నేనేమైనా కండక్టర్నా అని అమ్మ ఫోన్ పెట్టేసింది. మర్నాడు ఆసుపత్రిలో ఎవరిని ముందు పిలవాలన్న దాని దగ్గరా పేచీ పెట్టాడు. మా నాన్న తన వంతు ఇచ్చేశాడు.

మా నాన్న పేగు అద్దంలా ఉంది. రక్తం తగ్గింది విటమిన్ లోపం వల్ల. పెదనాన్న పెద్దపేగు చివరి భాగంలో గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షకి పంపారు. కాన్సరే.

ఇంకా పాకలేదనే అనిపిస్తోందనీ, ఆ ముక్క కోసి పేగు కలిపి కుట్టేస్తే బతికి బట్టకట్టొచ్చనీ డాక్టర్లు చెప్పారు. అయితే షుగర్ దించకపోతే కుట్లు మానవు. దించడానికి నెలలు తీసుకుంటే గడ్డ ఊరుకోదు. అందుకే ఆసుపత్రిలో ఉంచుకుని ఇన్సులిన్‌తో దించుతామన్నారు.

పెదనాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇన్సులిన్ వద్దన్నాడు, ఆపరేషన్ వద్దన్నాడు. పెద్దమ్మ ఏడ్చింది, పిల్లలు కాళ్లు పట్టుకున్నారు. చివరికి ఆయన నోట్లోంచి ఊడిపడింది ఒక్కటే. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఏడు పట్టిన షుగరు, మరి వాడి పేగు శుభ్రంగా ఉండి నాకే ఎందుకు పుట్టింది అని. వాడు బాగుండగా తను కోయించుకోవడమా? చస్తే చస్తాను గానీ వాడి ముందు సగం మనిషిగా తిరగనన్నాడు. అప్పుడు ఆయన మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

మా నాన్న మాత్రం బతిమాలలేదు. మంచం పక్కన కుర్చీ లాక్కుని మామూలుగా డిపో కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు.

"నీ సీట్లో కొత్త డ్రైవర్ని వేశారన్నయ్యా. కుర్రాడే గానీ చెయ్యి తిరిగినవాడు. బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ఒక్కరూ తూలరు. నిన్న దిగేవాళ్లు ముందుకెళ్లి వాడికి కూడా చెప్పి మరీ దిగారు."

వాడు మలుపు దగ్గర రెండో గేరు వేస్తున్నాడా అని ఆ గోడే అడిగినట్టు వినిపించింది. వేస్తున్నాడు, అసలు నాకు కుదుపే తెలియలేదన్నాడు మా నాన్న. మర్నాడు పొద్దున నర్సు ఇన్సులిన్ సూది తెస్తే పెదనాన్న చొక్కా పైకెత్తాడు.

ఆపరేషన్ అయింది. గడ్డ పూర్తిగా వచ్చేసింది. నాకు జ్వరమొచ్చినా ఒక్క పూట సెలవు పెట్టని మా నాన్న, ఆయన మంచం పక్కన కూర్చోవడానికి సెలవు మీద సెలవు పెట్టాడు. నాకూ కుళ్లు పుట్టింది. ఆ జబ్బు పెదనాన్న ఒక్కడి సొత్తేం కాదు.

ఇంటికొచ్చాక పెదనాన్న మారిపోయాడని ఎవరైనా అంటే నమ్మకండి. కుళ్లు అలాగే ఉంది, మా నాన్న మీంచి ఆ కొత్త డ్రైవరు మీదికి మళ్లిందంతే. వాడి నుంచి సీటు లాక్కోవాలని పొద్దున్నే నడిచాడు, బిస్కెట్లు మానేశాడు. వాడికి షుగరు కూడా లేదట కదా అని పళ్లు కొరికేవాడు. మా నాన్న వచ్చినప్పుడల్లా వాడి గురించి ఆరా తీసేవాడు. వాడితో నవ్వుతున్నావా అని ఒకసారి అడిగాడు కూడా. పలకరించడానికి వచ్చిన డిపో వాళ్లని మాత్రం ఒక్క ముక్క అడగలేదు, చులకనైపోతానని. పెరిగినంత షుగరూ దిగింది. బండి నడపొచ్చని డాక్టర్లు కాగితం ఇచ్చారు.

మొదటి రోజు డిపోకి వెళ్తూనే ఆ కుర్రాడెక్కడ అని కనబడ్డవాడినల్లా అడిగాడట. ఎవరికీ తెలియదు. ఇన్ని నెలలూ ఆ బస్సు ఎవరికి వీలైతే వాళ్లే తిప్పారన్నారు.

సాయంత్రం నేరుగా మా ఇంటికొచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"లేని మనిషి మీద ఇన్ని నెలలు కుళ్లుకునేలా చేశావు కదరా."

"ఉన్నవాడి మీద ఇన్నేళ్లు కుళ్లుకున్నావు, ఏం దక్కిందన్నయ్యా?" అన్నాడు మా నాన్న.

కొడతాడేమో అనుకున్నాను. కుర్చీలో కూలబడ్డాడు. తల ఎత్తకుండానే, పోనీ ఆ వచ్చినవాళ్లలో నాకంటే బాగా నడిపినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని అడిగాడు.

"ఉంటే నీకోసం అంత అబద్ధమెందుకాడతాను?" అన్నాడు మా నాన్న.