దస్తీ వేసిన సీటు

బతుకంతా సిటీ బస్సులో కండక్టరుగా చేశాను. ఆ కొలువులో నాకు పగ అంటూ ఉంటే అది దస్తీ మీదే, జేబులో పెట్టుకునే ఆ చేతిరుమాలు మీదే. బస్సు మేడ్చల్ స్టాండులోకి తిరిగిందో లేదో, కిటికీల్లోంచి దస్తీలు, తువ్వాళ్లు, ఒక్కోసారి టిఫిన్ డబ్బాలు కూడా సీట్ల మీద వచ్చి పడేవి. వేసినవాడు తీరిగ్గా ఎక్కి వచ్చి, అప్పటికే కూర్చున్న ముసలమ్మ మీద "నా దస్తీ ఉన్నది, లెవ్" అని లేచేవాడు. నా తీర్పు ఎప్పుడూ ఒకటే. "దస్తీకి టికెట్ లేదు. మనిషుంటేనే సీటు." ఆ గుడ్డ తీసి వాడి చేతిలో పెట్టేవాణ్ణి. అందుకు ఎన్ని తిట్లు తిన్నానో నాకే తెలుసు.

ఇది తెలిసే మా ఇంటావిడ నన్ను ఏడిపించేది. ఆమెది రావల్కోల్. పాటల నాటకమంటే చెవి కోసుకునేది. మేడ్చల్‌లో సినిమాలు ఆగిపోయిన ఒక పాత టాకీసు ఉంది, అందులో అప్పుడప్పుడూ నాటకాలు వేస్తారు. సీట్లకు నంబర్లు ఉండవు, ముందొచ్చిన వాళ్లదే సీటు. ఆమె సూరారంలో మా ఇంటి నుంచి ఎండ ఉండగానే బయల్దేరి వెళ్లి, తన పక్క సీటులో నాకోసం దస్తీ పరిచేది. నేను డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే ఉరుక్కుంటూ వెళ్లేసరికి నాటకం సగమై ఉండేది.

"కండక్టర్ సాబ్, గీ దస్తీకి టికెట్ ఉన్నదా?" అని అందరికీ వినబడేలా అడిగేది. ముందు వరసల వాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వేవాళ్లు. నేను ఆ దస్తీ తీసి ఆమె చేతిలో పెట్టి కూర్చునేవాణ్ణి. "మొదటి పాట నుంచి ఒక్క నాటకమన్న నాతోని కూసొని చూడు" అనేది. రిటైరయ్యాక చూద్దాంలే అనేవాణ్ణి.

రిటైరయ్యాను. ఆ తర్వాతి వానాకాలంలో ఆమె పోయింది. జ్వరమని దవాఖానకు తీసుకెళ్లాను, మళ్లీ ఇంటికి తీసుకురాలేకపోయాను. అప్పటి నుంచి నాకు రోజంతా ఖాళీయే. వంట ఒక పూట చేస్తాను, రెండో పూట అదే తింటాను. ఇంట్లో నా గొంతు నేనే వినకుండా పొద్దు గూకుతుంది.

మొన్న చలికాలంలో గండిమైసమ్మ చౌరస్తాలో ఒక గోడ మీద వాల్‌పోస్టర్ కనబడింది. ఆ పాత టాకీసులోనే హాస్య సంగీత నాటకం. పోవద్దనుకున్నాను. పోయాను. అందరికన్నా ముందే పోయి, ఆమె ఎప్పుడూ కూర్చునే చోట, గోడ పక్క దారికి ఆనుకున్న వరసలో కూర్చున్నాను. కూర్చుంటూనే జేబులోంచి దస్తీ తీసి పక్క సీటు మీద పరిచాను. ఆమెదే, అంచుకు నీలం దారం కుట్టుకున్నది. చెయ్యి ఆ పని చేసేసింది, నేను చూస్తూ ఉన్నాను. తీసేద్దామంటే మనసు ఒప్పలేదు.

హాలు జల్దీగానే నిండింది. చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన వచ్చి నా దగ్గర ఆగాడు. తెల్ల టోపీ, స్వెట్టర్.

"ఈడ ఎవలన్న ఉన్నరా భాయ్?"

"ఉన్నరు చాచా. మా ఇంటామె వస్తది."

అబద్ధం అంత నున్నగా ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆయన సరేనని పక్కనే గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ముందు శాలువాలు, ఉపన్యాసాలు. మైకు పట్టుకున్న ప్రతివాడూ "రెండు ముక్కలు" అని మొదలుపెట్టి మమ్మల్ని నమిలేశాడు. ఆ తర్వాత హార్మోనియం అందుకుంది. కథ ఏమిటంటే, ఒక మతిమరపు మేనమామ తన మేనకోడల్ని ఇద్దరు పెళ్లికొడుకులకు ఇస్తానని మాటిచ్చి, ఇద్దరినీ ఒకే ముహూర్తానికి పిలుస్తాడు. ఒక బారాత్ ముందు గుమ్మంలోంచి, ఇంకొకటి పెరటి గుమ్మంలోంచి పాడుకుంటూ వస్తాయి. మధ్యలో వంటవాడు ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి వడ్డిస్తూ, కూరలన్నిటి పేర్లూ రాగం తీస్తూ పాడాడు. హాలంతా "వన్స్ మోర్" అని అరిచింది. అతను గరిటె దించి, మంచినీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచి పాడాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఎన్నాళ్లయిందో అట్లా నవ్వి.

అప్పుడు ఇద్దరు పెళ్లికొడుకులూ పెళ్లి పీటల దగ్గరికి వచ్చారు. ఒకడు దూరం నుంచే తన కండువా విసిరి పీట మీద వేసి, "నాదే, నాదే" అని పాట అందుకున్నాడు. నేను గట్టిగా నవ్వి, "చూసినవా, ఈడ గూడ దస్తీయే!" అంటూ పక్కకు తిరిగాను. నీలం అంచు దస్తీ. ఆ వెలుతురులో, అంతమంది మధ్య, నాకు ఎవరూ లేరని అప్పుడు తెలిసింది. ఇంట్లో కూడా అంత తెలియలేదు.

ఇంటర్వెల్‌లో ఉండలేక చాయ్‌కని బయటికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నా సీటు దగ్గర గొడవ. ఒక కుర్రజంట మా రెండు సీట్లలో కూర్చోబోతున్నారు. ముసలాయన కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"లేదు బేటా, దస్తీ ఉన్నది కనబడ్తలేదా? ఆయన చాయ్‌కు పోయిండు, వాళ్లింటామె వస్తాంది. పాపం దూరం నుంచి వస్తాందేమో."

ఆ పిల్లలు వెళ్లిపోయారు. ఆయన మోకాలు ఒత్తుకుంటూ నన్ను చూసి నవ్వాడు. "ఫికర్ జేయకు భాయ్, ఎవర్నీ కూసోనియ్యలే."

నాటకం మొదలైనప్పటి నుంచి నిలబడే ఉన్నాడు ఆయన. రాని మనిషికి కాపలా కాస్తూ.

"కూసో చాచా," అన్నాను.

"మరి ఆమె?"

"ఆమె రాదు చాచా. ఇగ రాదు."

ఎవరి ముందూ అనని మాట అది. పరామర్శకు వచ్చిన వాళ్లే అన్నీ అన్నారు, నేను తలూపానంతే. ఆయన నా ముఖం చూశాడు. దస్తీని మెల్లగా తీసి, దుమ్ము దులిపి, నాలుగు మడతలు వేసి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాతే కూర్చున్నాడు.

మిగతా నాటకం పక్కపక్కనే చూశాం. ఆయన షామీర్‌పేట దిక్కున మామిడి తోటలు కౌలుకు పడతాడట. నవ్వొచ్చినప్పుడల్లా నా తొడ మీద చరిచేవాడు. చివరికి మేనమామ తన మరుపును తానే తిట్టుకుంటూ పాడితే, "వన్స్ మోర్" అని ఆయనే ముందు అరిచాడు. రెండోసారికి నేనూ గొంతు కలిపాను.

బయట చలిగా ఉంది. స్టాండులో బస్సు రాగానే కిటికీల్లోంచి దస్తీలు పడ్డాయి. నాకు ముందు వైపు సీటు దొరికింది. సంచులతో ఒకామె ఎక్కి, నా పక్కకు చూసి ఆగింది.

"ఎవలన్న ఉన్నరా అన్నా?"

చెయ్యి జేబులోకి పోయింది. దస్తీ అక్కడే ఉంది, మడతలు మడతలుగా.

"ఎవల్లేరమ్మా," అన్నాను. "కూసో."