మా అత్తను పెనంలో పడేసిన అధ్యాయం

నేను ఒక పెద్దావిడను చంపాను. అదీ పట్టపగలు, మరుగుతున్న బెల్లం పెనంలోకి లాగించి మరీ చంపాను. ఆ సంగతంతా ఆవిడే కళ్ళద్దాలు సర్దుకుని పద్నాలుగు మంది ముందు గట్టిగా చదివి వినిపించింది. అంతకన్నా ఘోరం ఆ తర్వాత జరిగింది. కంగారుపడి పోలీసులకు ఫోన్ చెయ్యకండి, మొదట్నుంచీ చెబుతాను.

ఆరేళ్ళ క్రితం అనకాపల్లిలో నాకో జిరాక్స్ షాపు ఉండేది. అదిప్పుడూ ఉంది. అప్పుడు లేనిది బుర్ర. నా స్నేహితుడు సత్తిబాబు ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. చుట్టరికం లేకపోయినా చిన్నప్పట్నుంచీ 'బావా' అంటే 'బావా' అనుకునేవాళ్ళం. ఇద్దరం కలిసి బెల్లం గానుగ దగ్గర తిరిగే దెయ్యం మీద నవల మొదలుపెట్టాం. ఫోన్లో ఇద్దరికీ ఒకటే ఫైలు. ఒక అధ్యాయం అతనిది, ఒకటి నాది.

ఒక ఇంటర్నెట్ పత్రిక ఇద్దరు కలిసి రాసిన హారర్ నవలలకు పోటీ పెట్టింది. ఏడు అధ్యాయాలు పంపాలి. నచ్చినదాన్ని పుస్తకంగా అచ్చేస్తారు. అట్ట మీద నా పేరు చూసుకోవాలని పదో తరగతి నుంచీ నాకున్న దురద ఇంతా అంతా కాదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, నేను ఆ సోమలింగానికి అయిదు వందల విజిటింగ్ కార్డులు కూడా కొట్టించేశాను. పేరు కింద బంగారు రంగులో 'హారర్ రచయిత' అని.

పోటీకి ఒక షరతు ఉంది. పంపేముందు పదిమందికి చూపించి, వాళ్ళు చెప్పిన లోపాలు దిద్దుకోవాలి. చేతిలో జిరాక్స్ మిషను ఉన్నవాడికి పది కాపీలు ఒక లెక్కా? అప్పటికి రాసిన అయిదు అధ్యాయాలూ తీసి పంచేశాను. తొమ్మిది మంది మర్నాటికల్లా తేల్చేశారు. "అదిరింది బ్రో!" "రాత్రంతా నిద్ర లేదు గురూ!" "సినిమా తియ్యొచ్చు!" నేను నేల మీద నడవడం మానేశాను.

పదో కాపీ సత్తిబాబు వాళ్ళమ్మ నూకరత్నానికి వెళ్ళింది. బావ తల్లి కాబట్టి నాకు అత్త. రావికమతం దగ్గర వాళ్ళకు సొంత గానుగ ఉంది. ముప్పై ఏళ్ళుగా పాకం ఎప్పుడు దించాలో చెప్పేది ఆవిడే. కాస్త పాకం తీసి చన్నీళ్ళలో వేస్తుంది. ముద్ద కడితే దించమంటుంది, పరుచుకుపోతే ఇంకా మరగనివ్వమంటుంది. చదివింది ఏడో తరగతి. దొరికిన ప్రతి నవలా చదివేస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ అభిప్రాయం కోసం, అంటే పొగడ్త కోసం, గానుగకు వెళ్ళాం. పనివాళ్ళంతా అన్నాలకు కూర్చున్నారు. అత్త మా కాగితాలు తీసి వాళ్ళకు చదువుతోంది.

"'చెరుకు తోటలోంచి తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి వచ్చింది. ఆమె పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయి...'" అని చదివి టక్కున కాగితం మడిచేసింది. "ఆపి సూత్తాను," అంది.

నేను పొగడ్త కోసం చెవులు రిక్కించాను. పైడమ్మ అనే పనావిడ కంచంలోంచి తలెత్తింది. "ఓలమ్మా, పులుసులో ఉప్పు తక్కువైనట్టు లేదేటి?"

అత్త నావైపు తిరిగింది. "పాకం రాలేదు అల్లుడూ. పరుసుకుపోయింది. తర్వాతేటని ఒక్కులూ అడగలేదు సూడు."

"వాళ్ళకి సాహిత్యం తెలీదు కదత్తా," అన్నాను.

"బయం తెలుసు కదా. పైడమ్మకి పాము పేరెత్తితే సెమటలు పడతాయి. నీ దెయ్యం వత్తే పులుసు గుర్తొచ్చింది. అయినా గానుగ కాడికి తెల్లసీర కట్టుకొచ్చిందేటి, మసైపోదా? సరేగానీ నాలుగో బాగం ఏదీ? మూడు తర్వాత అయిదు పెట్టేవు."

అప్పుడు చూసుకున్నాను. పది కాపీల్లోనూ నాలుగో అధ్యాయం పెట్టడం మర్చిపోయాను. నిద్రపోని ఆ తొమ్మిది మందీ ఏం చదివి మేలుకున్నారో వాళ్ళకే తెలియాలి.

బుద్ధున్నవాడైతే అక్కడే అత్త కాళ్ళకు దణ్ణం పెట్టేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. బంగారు రంగు కార్డున్న రచయితను పులుసు ముందు ఓడిస్తుందా? ఏడో అధ్యాయం వంతు నాదే. షాపులో కూర్చుని, ఆధార్ కార్డుల జిరాక్సుల మధ్యన కొత్త పాత్రను దించాను. పేరు రత్తమ్మ. కళ్ళద్దాలకు నల్లదారం, మాటకు ముందు 'ఆపి సూత్తాను', అన్నీ అత్తవే. ఆ రత్తమ్మ గర్వంతో పాకం అంచనా తప్పుతుంది. పెనమంతా మాడిపోతుంది. దెయ్యానికి కోపమొచ్చి ఆవిణ్ణి పెనంలోకి లాగేస్తుంది. నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ రాయలేదు. కసి తీరాక చెరిపేసి, వేరేది రాద్దామనుకున్నాను.

ఫైలు ఇద్దరిదీ అన్న సంగతి మాత్రం గుర్తులేదు. సత్తిబాబు మహా బుద్ధిమంతుడు. శనివారం సాయంత్రం ఫైల్లో ఏది ఉంటే అది, చదవనైనా చదవకుండా ప్రింటు తీసి తల్లికి ఇచ్చేశాడు.

మర్నాడు గానుగకు వెళ్ళేసరికి అత్త గొంతులో నా వాక్యం. "'ముసలి రత్తమ్మ ముక్కు మీద కళ్ళద్దాలు, వాటికి నల్లదారం...'"

సత్తిబాబు నన్ను పక్కకు లాగాడు. "ఏటిది బావా? మా అమ్మనా?"

"అబ్బే, కల్పిత పాత్ర బావా."

"నల్లదారం కూడా కల్పితమేనేటి? ఇంక నీతో కలిసి రాయను. రేపు పంపాలనుకుంటే నీ పేరుతోనే పంపుకో."

జంట లేకపోతే పోటీ లేదు, పోటీ లేకపోతే పుస్తకం లేదు. ఇరవై ఏళ్ళుగా ఉన్న బావ కూడా లేడు. దెయ్యాన్ని రాయనేల, కాళ్ళు పట్టుకోనేల! పట్టుకుందామని ముందుకు నడిచాను. అత్త కన్నెత్తి కూడా చూడకుండా చదువుకుపోతోంది.

"'రత్తమ్మ పెనం అంచు పట్టుకుంది. లోపల్నుంచి ఇంకో చెయ్యి...'" కాగితం మడిచింది. "ఆపి సూత్తాను."

పైడమ్మ చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "ఓలమ్మా! తర్వాతేటి? ఎవులి సెయ్యది?" వెనకాల అందరూ ఒకటే గోల.

"వచ్చింది పాకం," అంది అత్త. అప్పుడు నన్ను చూసింది. "అల్లుడూ, ఇలా రా."

"తప్పయిపోయిందత్తా. ఇప్పుడే తీసేత్తాను."

"తీత్తే కాళ్ళిరగ్గొడతాను. నన్ను సంపేవు, బాగానే ఉంది. మనిసన్నాక ఎప్పుడో ఒకప్పుడు పోవాల. మరి పాకం మాడబెట్టేవేట్రా? ముప్పై ఏళ్ళలో ఒక్క పెనం మాడిందని ఎవుల్నైనా సెప్పమను! సావడానికి ఒప్పుకుంటాను గానీ, పాకం మాడ్డానికి ఒప్పుకోను."

"మరెలా చంపమంటావత్తా?" అని నేను నిజంగానే అడిగాను. చచ్చే మనిషినే సలహా అడిగిన హంతకుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అత్త పెనం వైపు తిరిగింది. "పాకం సరిగ్గానే రావాల. ఎప్పట్లాగే సన్నీళ్ళలో ఏసేను. ముద్ద కట్టింది. సూద్దామని ఏలు పెట్టేను. ఆ ముద్ద నా ఏలు పట్టుకుంది."

పైడమ్మ అన్నం వదిలేసి లేచిపోయింది. మిట్టమధ్యాహ్నం, పొయ్యి పక్కన, నాకు వణుకొచ్చింది. ఏడు అధ్యాయాల్లో మొదటి భయం అదే, అదీ నాది కాదు. సత్తిబాబు నా మొహం చూసి పకపకా నవ్వాడు. "రా బావా, టైపు సేద్దాం," అన్నాడు. బతికాననుకున్నాను.

సోమవారం పంపాం. నెల తర్వాత జవాబొచ్చింది. 'ఏడో అధ్యాయం అద్భుతం. అది రాసిన చేత్తోనే మిగతా ఆరూ తిరగరాయగలరా?'

ఆ చెయ్యి పెనం దగ్గర ఉంది. రెండు నెలలు ఆవిడ చెప్పింది, మేం టైపు కొట్టాం. పుస్తకం వచ్చింది. అట్ట మీద మూడు పేర్లున్నాయి. మొదటిది అత్తది. నాది అడుగున, ధర ఉండాల్సిన చోట ఉంది.

విజిటింగ్ కార్డులు వృథా కాలేదు. వెనక ఖాళీగా ఉన్నాయి కదా అని అత్త తీసేసుకుంది. ఇప్పటికీ నేనేం రాసి పంపినా ఒక కార్డు తిరిగొస్తుంది. ఒకవైపు బంగారు రంగులో 'హారర్ రచయిత', రెండోవైపు బాల్‌పెన్నుతో 'బయం లేదు. మళ్ళీ రాయి.'

అందుచేత మా ఊరి నూకాలమ్మ తల్లి మీద ఆన పెట్టి చెబుతున్నాను. నన్ను విమర్శించిన మనిషిని ఇంకెప్పుడూ వెనకచాటుగా చంపను. తప్పనిసరిగా చంపవలసి వస్తే, ముందుగా వాళ్ళకే చూపించి, దిద్దించుకుని, పాకం కుదిరిందన్నాకే చంపుతాను.